గుర్రం ముందు ఆగే చోటు

మంచు కురవాలో మానాలో తేల్చుకోలేక ఆకాశం నెలలు నిండిన ఆవులా నిలబడి ఉంది, ఆవయితే తోక మొదట్లో చెయ్యిపెట్టి చూసి ఇవాళో రేపో చెప్పేయొచ్చు, ఆకాశాన్ని ఎక్కడ పట్టుకుని చూస్తాం అనుకున్నాడు సిల్వాన్, కోటు గుండీలు పెట్టుకుంటూ, కిటికీ గట్టు మీద నిన్న పొద్దుగుంకకముందే భార్య ఫ్లోరెట్ చల్లిన ఉడికిన గోధుమల మీద పిచ్చుకలు వాలాయి, పాటల సబ్బాతుకి, సముద్రపు పాట చదివే ఈ శనివారానికి, పిట్టలకి గింజలు వెయ్యాలి, సముద్రం చీలి మన యూదులు ఆవలి గట్టెక్కిన రోజున పిట్టలు కూడా గొంతు కలిపాయట, అమ్మ చెప్పేది, కలిపాయో లేదో గాని అప్పటినుంచీ కూలి మాత్రం తప్పకుండా వసూలు చేసుకుంటున్నాయి, ఒక పిచ్చుక గింజ నోట పట్టుకుని తలెత్తింది, ఆగింది, మింగింది, ఇదిగో మళ్ళీ అదే, ఆగనని మాటిచ్చినప్పటినుంచీ ఏది చూసినా ఆగడమే కనిపిస్తోంది.

ఉత్త మాట కూడా కాదు, చెయ్యి కొట్టి మరీ ఇచ్చాడు, నిన్న మధ్యాహ్నం కొట్టంలో దూడకి పలుపు మారుస్తుంటే రేమోన్ వచ్చి నిలబడ్డాడు, స్ట్రాస్‌బూర్గ్ నుంచి గాయకుల్ని వెంటబెట్టుకొచ్చిన కుర్రాడు, సబ్బాతు నాడు బండెక్కకూడదు కాబట్టి ముందురోజే దిగి తలా ఒక ఇంట్లో సర్దుకున్నారు, రేమోన్ తమ ఇంట్లోనే, పట్నం బూట్లతో పేడ తప్పించుకుంటూ వచ్చి, సిల్వాన్ గారూ ఒక్క మాటండీ, రేపు మీరు సముద్రపు పాట చదివేటప్పుడు గుర్రం అన్న మాట ముందు ఆగుతారట, మీతోపాటు ఊరంతా ఆగుతుందట, అలా ఇంకెక్కడా లేదండీ, మావాళ్ళు నాలుగు గొంతులతో అందుకునేది సరిగ్గా అక్కడే, ఆగారంటే పాట కుంటుతుంది, ఈ ఒక్కసారికీ సాగిపోరూ అన్నాడు, బుద్ధిగా అడిగాడు, ఊళ్ళో గొంతులన్నీ అరిగిపోయాయి, యుద్ధం తర్వాత తిరిగొచ్చిందే కొద్దిమంది, ప్రార్థనకి కావలసిన పదిమంది మగవాళ్ళు పోగవడమే గగనమైన చోట వీళ్ళొచ్చి పాడి పండగ చేస్తామంటే కాదంటామా, సరేలే అన్నాడు, గొడ్ల బేరగాడి అలవాటు చొప్పున అరచెయ్యి చాచాడు, రేమోన్ నవ్వుతూ దానిమీద ఫెడీమని కొట్టాడు, బేరం ముగిసింది, కొట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు సంతలో తలెత్తుకోలేడు, సిల్వాన్ ఇంత వయసొచ్చినా ఎన్నడూ తీసుకోలేదు.

ఆ ఆగడం నాన్నది, గుర్రాల బేరగాడు లజార్, ఈ సబ్బాతుకి చుట్టిన తోరా గ్రంథం విప్పి దాని ముందు నిలబడి ఆ పాట చదివే వంతు ఎప్పుడూ ఆయనదే, ప్రభువుకి పాడతాను ఆయన ఘనంగా గెలిచాడు అని గొంతెత్తి, చప్పున ఆగి, ఊపిరి తీసుకుని, గుర్రాన్నీ దాని రౌతునీ సముద్రంలో విసిరేశాడు అనేవాడు, ఎందుకు ఆగుతావని ఎవరూ అడగలేదు, వెనకాల ఊరు కూడా ఆగడం మొదలుపెట్టింది, సిల్వాన్‌కి మాత్రం తెలుసు, ఒకసారి వాగు దాటిస్తుంటే ఆడగుర్రం నడినీళ్ళలో మొరాయించింది, నాన్న దాన్ని కొట్టలేదు, మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు, మొదటి యుద్ధంలో కైజరు పటాలంలో ఉన్నప్పుడు గుర్రాన్ని నది దాటించమన్నార్రా, పగ్గం నా చేతిలోనే ఉంది, వదిలేశాను, అది నా వైపే చూస్తా కొట్టుకుపోయింది అన్నాడు, అంతే, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, రెండో యుద్ధంలో ఊరొదిలి దక్షిణానికి పోయినప్పుడు నాన్న అక్కడే పోయాడు, సమాధి అక్కడెక్కడో ఉంది, ఈ ఊళ్ళో ఆయనదంటూ మిగిలింది ఒక్క ఊపిరంత ఖాళీ, దాన్ని నిన్న కొట్టంలో ఇచ్చేశాడు, నాన్న నావాడే కదా, ఇచ్చుకుంటే ఎవడేమంటాడు.

సందు మలుపులో ఆల్ఫోన్స్ కలిశాడు, కసాయి కొట్టు ఆల్ఫోన్స్, ఏరా సిల్వాన్, పట్నం పిల్లకాయలు మనకి పాట నేర్పుతారంట గదా, నేర్పనీలే, నీ గొంతుకంటే నా కొట్టుకొచ్చే దూడల అరుపే నయం అన్నాడు, నీ కత్తి చూసి ఇంకెలా అరుస్తాయిరా అన్నాడు సిల్వాన్, ఆల్ఫోన్స్ నవ్వి, మీ నాన్ననెంత ఏడిపించేవాళ్ళం, రౌతుని ముంచెయ్యి దేవుడా, గుర్రాన్ని మటుకు గట్టున పడెయ్, నేను తోలుకుపోతా అని బేరమాడుతున్నాడనేవాళ్ళం, అక్కడికి రాగానే నాకింకా నవ్వొస్తదిరా అన్నాడు, ఇవాళ ఆగట్లేదని చెప్పాలి, నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పలేదు.

సినగాగు మందిరంలో పొయ్యి రాజేసినా మాటతోపాటు ఆవిరి వస్తోంది, పైన ఆడవాళ్ళ వరసలో ఫ్లోరెట్ గోధుమరంగు శాలువా, కింద రేమోన్ మనుషులు ఒక మూలగా, అందరూ లేచి నిలబడ్డారు, వెండి పుల్ల అక్షరాల మీద పెట్టాడు, ప్రభువుకి పాడతాను ఆయన ఘనంగా గెలిచాడు, ఆగలేదు, గుర్రాన్నీ అనేశాడు, పట్నం గొంతులు నాలుగూ ఒక్కసారిగా లేచాయి, ఎంత బాగుంది, కొత్త బండి రోడ్డెక్కినట్టు, కాని వెనక ఏదీ, ఊరేదీ, ఊరు ఆగింది, ఆల్ఫోన్స్ ఆగాడు, పైన ఆడవాళ్ళు ఆగారు, తను గుర్రాన్ని సముద్రం దాకా తోసుకుపోయాక అప్పుడు ఊరు గుర్రం దగ్గర మొదలుపెట్టింది, చరణం నడుమ తెగి రెండు ముక్కలయింది, ఎవరూ ఎవర్నీ తప్పనలేదు, ఆల్ఫోన్స్ మటుకు తలెత్తి చూశాడు, కోపం కాదు, ఇంట్లో కుర్చీ చోటు మారితే చూస్తారే అలా.

పుల్ల ముందుకి నడుస్తోంది, నీళ్ళు గోడల్లా నిలిచాయి, అగాధాలు గడ్డకట్టాయి, చదువుతున్నది నోరే, మనసు ముందుకి పోయి కూర్చుంది, పాట చివర్న, సముద్రం దాటిన మిర్యాము తప్పెట అందుకుని తోటి ఆడవాళ్ళకి అదే చరణం మళ్ళీ చెబుతుంది, అదే గుర్రం మళ్ళీ వస్తుంది, చెయ్యి కొట్టావు సిల్వాన్, నిన్న కొట్టిన చోట అరచెయ్యి ఇప్పుడు చురుక్కుమంటున్నట్టుంది, కొట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు, తెలుసు, తెలుసు, ప్రభువుకి పాడండి ఆయన ఘనంగా గెలిచాడు, గొంతు దానంతటది ఆగిపోయింది, వెనక ఊరు ఆగింది, రేమోన్ చెయ్యి పైకి లేచి ఉంది, దించితే వాళ్ళు అందుకుంటారు, దించలేదు, వాళ్ళూ ఆగారు, పొయ్యిలో కట్టె చిట్లింది, ఇంతకాలం ఇక్కడ నాన్న వినిపిస్తాడనుకున్నాడు, విన్నాడు, నాన్న లేడు, ఆల్ఫోన్స్ ముక్కుతో తీసే ఊపిరి, పైన ఫ్లోరెట్ అణుచుకున్న దగ్గు, ముసలివాళ్ళ పిల్లికూతలు, అందరి ఊపిరీ ఒక్కటిగా లోపలికి పోయి, ఆ తర్వాత గుర్రం, అందరూ ఒక్కసారే.

ఇంటికి నడుస్తుంటే మంచు మొదలయింది, ఇవాళే అన్నమాట, రేమోన్ పక్కనే నడిచాడు, అడగడానికి హక్కుంది, మాట తప్పింది తను, అయినా సబ్బాతు నాడు బేరం ఊసు ఎత్తకూడదు, చీకటిపడి మూడు చుక్కలు కనపడి సబ్బాతు ముగిసేదాకా అతనడగలేడు, తను చెప్పలేడు, ద్రాక్షరసం మీద దీవెన చెప్పి, రొట్టె కోసి ఉప్పులో అద్ది పంచాడు, ఫ్లోరెట్ పచ్చని ఆకురసంలో గడ్డకట్టిన చల్లని చేప తెచ్చి పెట్టింది, మామూలుగా ఈపాటికి ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు, ఎవరూ ఎత్తుకోలేదు, ముళ్ళు తీసుకుంటూ ఉండగా నాన్న సంతలో చెప్పిన మాట గుర్తొచ్చింది, నీ కొట్టంలో లేని గొడ్డుకి చెయ్యి కొట్టావంటే అది తప్పిన బేరం కాదురా, పుట్టని బేరం, నది సంగతి ఆల్ఫోన్స్‌కి తెలియదు, ఫ్లోరెట్‌కి తెలియదు, నవ్వుకుంటూ ఒకరు, దగ్గు ఆపుకుంటూ ఒకరు, ఏమీ తెలియకుండానే ఆ ఆగడాన్ని ఇన్నాళ్ళూ మేపింది వాళ్ళు, నాన్న దాన్ని వాళ్ళ మందలోకి తోలేసి ఎప్పుడో వెళ్ళిపోయాడు, తను అమ్మబోయింది ఊరి గొడ్డుని, రేమోన్ తలెత్తాడు, ఏదో అనబోయి, ఆగి, చేప పళ్ళాన్ని సిల్వాన్ వైపు జరిపాడు, సిల్వాన్ ఒక ముక్క వేసుకున్నాడు, ఫ్లోరెట్ రొట్టె అందించింది, ముగ్గురూ తిన్నారు.