పూంజీ గడిలో ఎనిమిది సాంచెలు

ఆ ఎండాకాలం ముంబయి దగ్గరి భివండీలో పగటిపూట కరెంటు ఉండేది కాదు. కరెంటు లేకపోతే సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడవవు. సాంచెలు నడవకపోతే సాంచెల ఆసాములకు ఇంట్లో కూర్చోవడానికి మొహం చెల్లదు. అందుకని గైబీ నగర్ ఆసాములు చాలామంది నాకా కూడలి దగ్గర, సరుకు కంట పడకుండానే వెండి, బంగారం కొని అమ్మే వాయిదా బేరాల దుకాణంలో కూర్చునేవారు. అక్కడ ఇన్వర్టర్ ఉంది. దానికి రెండు ఫ్యాన్లు, ఒక కంప్యూటరు తగిలించి ఉన్నాయి. ఫ్యాను కోసం వచ్చినవాడు కంప్యూటరు వైపు చూడకుండా ఎంతసేపుంటాడు?

గాలయ్య కూడా ఫ్యాను కోసమే వచ్చాడు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి, ఎవరెవరి సాంచెలో నడిపి, తుక్కు ధరకు రెండు కొని, ఆ రెండింటిని ఎనిమిది చేసిన మనిషి. ఇప్పుడు అతని లోపలి జేబులో ఎనభై వేలున్నాయి. అవి శనివారం నూలు సేటుకు కట్టవలసినవి. ఆ సేటు నగదు కంటితో చూడనిదే నూలు విడవడు. నూలు రాకపోతే సాంచెలు ఆగుతాయి. ఆగితే పనివాళ్లు పక్క షెడ్డుకు పోతారు, పోయినవాళ్లు మళ్లీ రారు. ఇదంతా గాలయ్యకు తెలుసు. తెలిసే, మూడు రోజులుగా వెండి ధర పైకి పోవడం చూస్తున్నాడు.

కంప్యూటరు ముందు ఏంజెల్ కూర్చునేది. గాలయ్య పక్క షెడ్డులో సాంచెలు నడిపే జోసెఫ్ బిడ్డ. బీకాం చదివింది. కంప్యూటరులో సొంతంగా ఒక లెక్క తయారుచేసి పెట్టుకుంది. మొదటి గడిలో పూంజీ, అంటే పెట్టుబడి, ఎంతో రాయాలి. రెండో గడిలో ఈ ఒక్క బేరంలో ఎంత పోయినా నిద్ర పడుతుందో రాయాలి. మూడో గడిలో ధర ఎంత పడితే అమ్మి బయటపడాలో రాయాలి. అప్పుడు కింది గడిలో ఎన్ని లాట్లు కొనొచ్చో అదే చెబుతుంది. దుకాణం సేటుకు ఆ లెక్కంటే గిట్టదు. జనం ఎక్కువ కొంటేనే అతనికి దలాలీ. కాని ఇంగ్లీషులో ఫోను ఎత్తగలిగేది ఆ పిల్ల ఒక్కతే కాబట్టి ఓర్చుకున్నాడు.

"చెప్పు కాకా, పూంజీ ఎంత?"

"ఎనభై వేలు."

"నూటికి రెండు పోతె ఫికర్ లేదనుకుందాం. పదహారు వందలు. కిలోకు మూడు వందలు పడితె అమ్మేద్దాం. లాటంటె ఐదు కిలోలు, గంటె లాటుకు పదిహేను వందలు పోతయి." కింది గడి చూసింది. "ఒక లాటు తీసుకో."

గాలయ్య వంగి కంప్యూటరు వెనక చూశాడు, మిగతావి అటు పడ్డాయేమోనన్నట్టు.

"ఒక్కటా? బిడ్డా, నేను వెండి కొననీకొచ్చిన. పట్టగొలుసులకు రాలే. లాటుకు బయానా ఎంత?"

"ఎనిమిది వేలు."

"మరి ఎనభై వేలకు పది రావాలె గద."

"వస్తయి. లక్ష రూపాల సరుకు ఎనిమిది వేలకే చేతిల వెడుతున్నరంటె ధర్మానికి గాదు కాకా. పది కొన్నవనుకో, కిలోకు పదహారు వందలు పడితె నీ ఎనభై వేలు సఫా."

"పడదు."

"నీకెవలు చెప్పిన్రు?"

"మూడు దినాలసంది పడలే."

అట్లాంటి మాట రోజుకు ఎంతమంది అంటారో ఏంజెల్‌కు తెలుసు. గాలయ్య తల గోక్కుని మళ్లీ అడిగాడు.

"ఆ కింది నంబరు పెరగాలంటె ఏం జెయ్యాలె?"

"పూంజీ పెరగాలె."

"గట్ల చెప్పు మరి. రాసుకో. సాంచెలు ఎనిమిది."

"కాకా, చేతిల ఉన్న పైసలు రాయాలె."

"చేతిల పైసలు ఎవనికుంటయి? మా దాంట్ల పిల్లనిచ్చెటోడు సుత సాంచెలు ఎన్నని అడుగుతడు. జేబుల ఎంతని అడగడు. రాయి."

సాంచెలకు లక్షా అరవై వేలు రాయించాడు. తాము ఉండే చాలీలోని గదికి నాలుగు లక్షలు రాయించాడు. కింది గడిలో ఎనిమిది వచ్చింది. గాలయ్య కళ్లు మూసుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాడు. గిన్నెల దగ్గర కొంచెం ఆగాడు, వద్దనుకున్నాడు. చివరికి భార్య సుశీలాబాయి బంగారం లక్షా ఇరవై అన్నాడు. పది వచ్చింది.

"చిన్నమ్మకు ఎరికేనా?"

"ఆమె మెడల ఉన్నది ఆమెకు ఎరికుండదా?"

"నువ్వు లెక్క అడుగుతలేవు కాకా. లెక్కతోని జామీను పెట్టించుకుంటున్నవ్." ఏంజెల్ ఎనభై వేలు తీసుకుని పది లాట్లు కొట్టింది. "మూడు వందలు పడితె అమ్ముమని ఆర్డర్ సుత పెట్టన్నా?"

"అది లెక్కల ఉంటె చాలు. బయట ఎందుకు? నేను ఉన్న గద, చూసుకుంట."

మొదటి రోజు వెండి పెరిగింది. గాలయ్య దుకాణంలో అందరికీ జిలేబీ తెప్పించాడు. ఏ ప్రశ్నా అడగని ఇద్దరు ముసలాళ్లకు వెండి సంగతులు విడమరచి చెప్పాడు.

రెండో రోజు పొద్దున పదింటికి ఎవరూ అనుకోకుండా కరెంటు వచ్చింది. పగలు వచ్చిన కరెంటును వదిలేసే ఆసామి గైబీ నగర్‌లో లేడు. గాలయ్య చెప్పులు చేత పట్టుకుని షెడ్డుకు ఉరికాడు. పనివాళ్లు మల్లన్న, అంకుశం చెరి నాలుగు సాంచెలు పట్టారు. సుశీలాబాయి గోడవారన కూర్చుని నూలు కండెలు చుట్టసాగింది. ఎనిమిది సాంచెలు ఒక్కసారి మొదలైతే నేల, గోడ, మనిషి, జేబులో ఫోను అన్నీ ఒకే తీరున వణుకుతాయి. ఆ వణుకులో ఫోను వణుకు ఏదో ఎవరికి తెలుస్తుంది? ఏంజెల్ ఎన్నిసార్లు చేసినా గాలయ్యకు తెలియలేదు. ఆఖరుకు ఆమే చున్నీ ముక్కుకు చుట్టుకుని నడిచి వచ్చింది.

సాంచెల షెడ్డులో నోరు పనికిరాదు. చెవిలో అరిచినా వినపడదు. అక్కడి మాటలన్నీ చేతులతోనే. తండ్రికి సద్ది మోసిన పిల్ల కాబట్టి ఏంజెల్‌కు ఆ చేతి మాటలు పుట్టుకతో వచ్చినట్టే వచ్చు. అరచేతిని మెల్లగా కిందికి దించింది: ధర పడుతోంది. రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీసింది: అనుకున్న మూడు వందల హద్దు తెగింది. బొటనవేలితో వేళ్లు రుద్దింది: పైసలు తే. పిడికిలి ఛాతీ వైపు లాగింది: లేకపోతే ఆపేద్దాం.

గాలయ్య చటుక్కున తిరిగి బట్ట మీద లేని మరకను గోకసాగాడు. ఏంజెల్ చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడి మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఈసారి చేతులు ఇంకా పెద్దవి చేసి.

చేతి మాటల్లో గుసగుస ఉండదు. అటు మల్లన్న చూశాడు. ఇటు అంకుశం చూశాడు. సుశీలాబాయి కండె వదిలేసి లేచింది. ఏం తెగిందని చేత్తో అడిగింది. ఏంజెల్ పది వేళ్లు చూపించింది, తర్వాత తన మెడ తాకింది. సుశీలాబాయి కూడా తన మెడ తాకి చూసుకుంది. గాలయ్య ఇద్దరి మధ్యా అరచేయి ఎత్తి, ఆగండి, మళ్లీ లేస్తుంది అన్నాడు. అంకుశం సాంచె వదిలేసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. శనివారం నూలు సంగతి అతనికీ తెలుసు.

సుశీలాబాయి నేరుగా పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

కరెంటు ఉండగా సాంచెలు ఆపడం ఆ గల్లీలో ఎవరూ ఎరగరు. చప్పుడు ఒక్కసారి పోయేసరికి పక్క షెడ్డువాడు తొంగి చూశాడు.

"నడిచే సాంచెలెందుకు ఆపినవే?" అన్నాడు గాలయ్య.

"నీ నోటి మాట విందామని. ఎంత పోయింది?"

గాలయ్య ఏంజెల్ వైపు చూశాడు.

"కిలోకు ఏడు వందలు పడ్డది చిన్నమ్మా. మొత్తం ముప్పయ్యైదు వేలు. ఇంకా పడెటట్టే ఉన్నది. దుకాణం సేటు ఇంకిన్ని పైసలన్న తెమ్మంటున్నడు, లేకుంటె అమ్ముమంటున్నడు. కాకా చెప్పాలె."

గాలయ్య ఆగిన సాంచెలను చూశాడు. మల్లన్న వైపు ఒకసారి, అంకుశం వైపు ఒకసారి చూశాడు. అంకుశం అప్పటికే గోడకు వేలాడుతున్న తన అంగీ వైపు చూస్తున్నాడు.

"అమ్మెయ్యి బిడ్డా."

ఏంజెల్ అక్కడే ఫోను తీసి చెప్పేసింది. అప్పుడు సుశీలాబాయి అడిగింది.

"నా బంగారం ఎంతకు రాసినవ్?"

"లక్షా ఇరవై."

"గొలుసు రోల్డుగోల్డుది. అసలుది అమ్మి ఏడాదాయె. మోటారు కాలినప్పుడు ఏ పైసలతోని బాగైందనుకున్నవ్, దాని మీద దయ్యమొచ్చి బాగైందా?"

ఏంజెల్ మనసులో లెక్క వేసుకుంది. "గట్లయితె పది వచ్చేటివి గావు కాకా."

"ముందు చెప్పరాదు మరి," అన్నాడు గాలయ్య భార్యతో. నిజంగానే కోపంగా అన్నాడు. మల్లన్న మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

మిగిలిన నలభై ఐదు వేలకు శనివారం నూలు వచ్చింది. అది నాలుగు సాంచెలకు సరిపోయింది. అంటే మల్లన్నకు పని ఉంది, అంకుశానికి లేదు. బట్ట పైసలు చేతికి వచ్చేదాకా అంకుశానికి తిండి ఖర్చీ ఇస్తే ఆగుతాడు, లేకపోతే పోతాడు. ఖర్చీ ఎవరు తేవాలన్న దాని మీద ఇంట్లో పెద్దగా చర్చ జరగలేదు. సుశీలాబాయి సద్ది గిన్నె కట్టి గాలయ్య చేతికిచ్చింది.

సోమవారం గాలయ్య మాన్‌కోలి గోదాములో హమాలీల వరుసలో నిలబడ్డాడు. ముందున్న కుర్రాళ్లు రెండేసి కట్టలు భుజాన వేసుకుని లారీ దగ్గరికి పరుగు తీస్తున్నారు. హమాలీల మేస్త్రీ ముకాదం ఇతని తెల్ల అంగీని, నెరిసిన మీసాన్ని చూసి, ఎన్ని ఎత్తుతావు సేట్, అని హిందీలో అడిగాడు. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

గాలయ్య వంగి ఒక కట్ట కొస ఎత్తి చూసి దించాడు. లారీ ఎంత దూరముందో చూశాడు. లారీకి ఆనించిన పలక మీద తడి ఎక్కడిదాకా ఉందో చూశాడు. నడుము మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కుకున్నాడు.

"సగం కట్టలు దొరుకుతాయా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు. గాలయ్య నవ్వలేదు. జవాబు కోసం నిలబడ్డాడు.