పుర్రచేతి కత్తి

కలెక్టర్ కారు నిజామాబాద్‌లో బయల్దేరిందని కబురొచ్చేసరికి, బోధన్ మ్యూజియంలో భూమవ్వ అద్దాల పెట్టె మూత లేపేసింది.

“అవ్వా, ముట్టద్దు!” ఇన్‌చార్జి జ్యోతిరాణి పరుగెత్తుకొచ్చింది.

“నా కత్తి నేను ముడితే నీకేంది బిడ్డా? ముందు గీ కాయితం సదువు.”

పాతదిలా కనబడాలని టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం అది. జ్యోతిరాణి నసుగుతూ చదివింది. “ఆదర్శ రైతు చెన్నకేశవరావు గారు స్వహస్తాలతో వాడిన చెరుకు కత్తి.”

భూమవ్వకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఆయన పొలంలో చెరుకు నరికింది తను. ఆయన గట్టు దిగింది లేదు. మ్యూజియంలో పెడతామని తన ఊరు నవీపేటకొచ్చి కత్తి పట్టుకెళ్ళింది ఆయన మనవడు దిలీపే. తను అద్దంలా ఉంచుకున్న కత్తికి ఉప్పునీళ్ళు చల్లి తుప్పు కూడా పట్టించారు!

ఇస్త్రీ చొక్కాతో దిలీప్ వచ్చాడు. “ఇప్పుడు గొడవెందుకు అవ్వా? మా తాతయ్య పొలంలోదేగా.”

“పొలం మీది. కత్తి నాది.”

“రుజువేంటి?”

భూమవ్వ కత్తి పట్టుకుని బయటికి నడిచింది. రాతి మెట్టు మీద కూర్చుని, నీళ్ళు చిలకరించి కత్తిని నూరసాగింది. తుప్పు ఎర్రగా కారింది. ఒక్క వైపే నూరింది. జనం మూగారు.

“మీ తాత కత్తే గదా? నరుకు సూద్దాం.” స్వాగత ద్వారానికి కట్టిన చెరుకు గడలు చూపించింది.

దిలీప్ కుడిచేత్తో వేటు వేశాడు. కత్తి జారింది. మళ్ళీ వేశాడు. తొక్క లేచింది, గడ తెగలేదు. ఎవరో కిసుక్కుమన్నారు.

భూమవ్వ కత్తిని ఎడమచేతిలోకి తీసుకుంది. ఒక్క వేటు. గడ నున్నగా తెగి పడింది.

“నాది పుర్రచెయ్యి. గందుకే ముప్పై ఏండ్ల సంది ఒక్క దిక్కే నూరుత, కుడిచేతికి తెగదు. మీ తాతది గూడ పుర్రచెయ్యేనా?”

దిలీప్ గొంతు తగ్గించాడు. “సరే, ‘చెన్నకేశవరావు గారి కూలి భూమవ్వ’ అని రాయిద్దాం.”

“ఆయన పేరెందుకు? బడి మీద ఉన్నది, బస్టాండ్ల బెంచీ మీద ఉన్నది. గిదొక్కటి నాకు ఇడిసిపెట్టు.”

“అయితే మేమిచ్చిన ఫొటోలు, గ్రామఫోను అన్నీ పట్టుకుపోతా,” జ్యోతిరాణి వైపు తిరిగి అన్నాడు దిలీప్. “సగం హాలు ఖాళీ అవుద్ది. కలెక్టర్‌కి ఏం చూపిస్తారో చూపించుకోండి.”

గేటు దగ్గర హారన్ మోగింది. జ్యోతిరాణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత లేబుల్ పీకి ముక్కలు చేసింది. తెల్ల కాగితం మీద మార్కర్‌తో పెద్దక్షరాలు రాసింది: భూమవ్వ చెరుకు కత్తి.

కలెక్టర్ లోపలికి వస్తుంటే, దిలీప్ గ్రామఫోను చంకలో ఇరికించుకుని ఎదురు పోతున్నాడు.

“దిలీప్ సారూ, మెట్లున్నయ్, పైలం!” కేకేసింది భూమవ్వ, పెట్టె పక్క నుంచి అంగుళం కదలకుండా.