కడుపులో మాట

ఆ ఇంటి టాయిలెట్‌కి మొదటినుంచీ ఒక పట్టింపు ఉంది. కడుపులో మాట దాచుకున్నవాళ్ళు ఫ్లష్ నొక్కితే నీళ్ళు సరిగ్గా దూకవు. గిన్నెలో నీరసంగా ఒక చుట్టు తిరిగి ఆగిపోతాయి. మనవరాలు లెక్కల పరీక్ష తప్పిన వారమంతా బకెట్లతో నీళ్ళు మోసి మోసి, చేతులు నొప్పెట్టి చివరికి తనే నిజం చెప్పేసింది. ఇందులో ఎవరికీ వింతేం లేదు. కొన్ని ఇళ్ళల్లో తలుపులు కిర్రుమంటాయి, ఈ ఇంట్లో ఇది.

అలాంటిది, ఈసారి నీళ్ళు దూకనిది అత్తగారికి!

"మీకా?" అని, ఆవిడ బకెట్ మోస్తుంటే చూసిన కోడలు నవ్వింది. "మీ కడుపులో మాట గంటైనా నిలవదే! అయితే వాషరే పోయుంటుంది, ప్లంబర్ని పిలుస్తా."

"పిలువు, పిలువు. వాషరే అయ్యుంటుంది," అంది అత్తగారు, అవసరమైనదానికన్నా గట్టిగా.

మనలో మనమాట. మూడు వారాలుగా ఆవిడకి దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం పడుతోంది. వీధిలో ఎవరింట్లో ఏం కూరో కూడా చెప్పే మనిషి, ఈ ఒక్కటీ నోరెత్తలేదు. పొద్దున్నే ఎవరూ లేవకముందే తలుపేసుకుని, చప్పుడు కాకుండా రెండు బకెట్లు పోసి బయటికొచ్చేది. పాపం, నిజంగా వాషరే పోయుండాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

ప్లంబరు పదింటికి వచ్చాడు. ముందు బకెట్‌ నీళ్ళు గుమ్మరించాడు. గడగడమని పోయాయి.

"పైపులో అడ్డేం లేదు పెద్దమ్మా," అని ట్యాంకు మూత ఎత్తాడు. "నీళ్ళు గీతదాకా ఉన్నాయి. ఇదిగో, గొలుసు వదులైంది."

"చెప్పానా!" అంది అత్తగారు, ముఖం వెలిగిపోతూ.

గొలుసు బిగించాడు. అడుగున రబ్బరు మూత అరిగిందని కొత్తది వేశాడు. గిన్నె అంచు కింద చిల్లుల్లో సున్నం పేరుకుంటే తీగతో ఒక్కొక్కటీ గీకాడు. ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా ఆవిడ పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరపడింది. అతనికి మజ్జిగ కూడా ఇచ్చింది.

"ఇప్పుడు నొక్కు అక్కా," అన్నాడు ప్లంబరు. కోడలు నొక్కింది. నీళ్ళు ఒక్క ఉదుటున దూకి, గిన్నె కడిగేసి పోయాయి.

"మీరూ ఒకసారి నొక్కండి పెద్దమ్మా."

"నేనెందుకూ, చూశాంగా..."

"నొక్కండత్తయ్యా," అంది కోడలు.

అత్తగారు నొక్కింది. నీళ్ళు ఒక చుట్టు తిరిగి ఆగాయి.

ప్లంబరు మెల్లగా పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. "నా వైపు పని అయిపోయిందక్కా," అని వీధి గుమ్మందాకా వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"దిక్కుమాలిన పని చేసి పోతున్నాడు! పనొచ్చినవాణ్ణి పిలవొచ్చుగా!" అని అత్తగారు ఇంతెత్తున లేచింది. కోడలు కదల్లేదు. అరుపులన్నీ అయ్యాక ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"రక్తం పడుతోందే."

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడు వారాలు."

"పక్కింటి కుక్కకి జ్వరమొస్తే చెప్తారే! ఇది నాకెందుకు చెప్పలేదు?" కోడలి గొంతులో కోపం, ఏడుపు కలిసిపోయాయి.

"కుక్క సంగతి చెప్పడానికి భయమేముందే? మా అమ్మకీ ఇలాగే మొదలైంది. బయటికి చెప్తే నిజమైపోతుందేమోనని..."

ఆ తర్వాత ఫ్లష్ ఎవరూ నొక్కి చూడలేదు. చెప్పులేసుకుని నేరుగా ఆసుపత్రికి బయల్దేరారు.

పరీక్షలన్నీ అయ్యేసరికి వారం పట్టింది. డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు తిరగేసింది. "పేగులో గడ్డ ఉంది. ఇంకా చిన్నదే. మామూలుగా దీన్ని మా దగ్గరికి తెచ్చేసరికి చెయ్యడానికేమీ మిగలదు. మీరింత తొందరగా ఎలా వచ్చారు?"

"ఇంట్లో ఫ్లష్ సరిగ్గా పడలేదండీ," అంది కోడలు.

డాక్టరమ్మ తలూపి ఆ ముక్క ఫైల్లో రాసుకుంది. "సోమవారం ఆపరేషన్ చేసి తీసేస్తాను. బతుకుతారు."

అత్తగారు చటుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"బతుకుతానటే," అంది. "విన్నావా, బతుకుతానట!"