దుప్పట్లో నిద్ర

పొద్దున్నే మూటలు దిగేవి. ఆస్పత్రి పై అంతస్తు నుంచి నేలమాళిగ దాకా ఒక రేకు గొట్టం ఉంది. వార్డుల్లో మాసిన దుప్పట్లను మూటగట్టి అందులో వదిలితే దబ్బుమని కింద లాండ్రీలో వచ్చి పడేవి. డ్రమ్ము బాబాయ్ వాటిని ఉతికే యంత్రంలోకి తోసేవాడు. ఇస్త్రీ వదిన వేడి రోలరు కిందుగా నడిపించేది. మడతలక్క మడత పెట్టి బండి మీద పేర్చేది. బండి లిఫ్టెక్కి పైకి పోయేది. మర్నాడు మళ్ళీ అవే మూటలు.

ముగ్గురికీ సొంత పేర్లు ఉండే ఉంటాయి. వాటితో ఎవరికీ పని పడలేదు.

ఆ ఆస్పత్రిలో నిద్ర దుప్పట్లలో ఉండేది. డాక్టర్లు చీటీ మీద మాత్రల పేర్లు రాసి, కింద ‘మంచి దుప్పటి’ అని రాసేవాళ్ళు. నర్సు తెచ్చి పక్క మీద పరిస్తే రోగి అటు నుంచి ఇటు ఒత్తిగిలేలోపు కునుకు పట్టేసేది. ఉతికే చెయ్యి, ఇస్త్రీ చేసే చెయ్యి, మడత పెట్టే చెయ్యి ఆ పనిలోనే ఉంటే నిద్ర తనంతట తనే బట్టలోకి దిగేది. చెయ్యి ఒకచోట, మనసు ఇంకోచోట ఉంటే దిగేది కాదు. అప్పుడది ఉత్త గుడ్డ.

కొన్నేళ్ళుగా పైకి పోతున్నవన్నీ ఉత్త గుడ్డలే.

పాత సూపర్వైజరు గోడ మీద ‘మాట్లాడరాదు’ అని రాయించి, గంట పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గంట కొడితే చేతులు కదలాలి, కొడితే ఆగాలి. నర్సులు పైనుంచి ఫోను చేసి వార్డంతా జాగారం చేస్తోందని మొత్తుకుంటే, సబ్బు మార్చేవాడు. నాలుగు రకాల సబ్బులయ్యాక ఆయన రిటైరయ్యాడు.

ఆయన చోటికి వచ్చినావిడకి వారం తిరక్కుండానే ‘ప్రశ్నలమ్మ’ అని పేరు పడింది. కుర్చీలో కూర్చునేది కాదు. ఒక్కొక్కరి పక్కన కాసేపు నిలబడి, వాళ్ళు చేసే పని తనూ చేసి చూసేది. మొదటి రోజే మడతల బల్ల దగ్గర నిలబడి అడిగింది.

“ఈ బల్ల ఇంత ఎత్తెందుకుందమ్మా?”

“ఏమో మేడమ్. ఎప్పుడూ ఇంతే.”

“మీకు భుజాలు నొప్పి రావూ?”

“వస్తాయి.”

“ఎప్పట్నుంచి?”

“బల్ల వచ్చినప్పట్నుంచి,” అంది మడతలక్క, చేతిలోది ఆపకుండా.

మర్నాడు వడ్రంగి వచ్చి బల్ల కాళ్ళు జానెడు కోసేశాడు.

“ఇవాళ బల్ల కోసింది, రేపు జీతాలు కోస్తుంది చూడు,” అంది ఇస్త్రీ వదిన.

జీతాల జోలికి పోలేదు. డ్రమ్ము బాబాయ్ దగ్గరికి పోయింది.

“బాబాయ్ గారూ, యంత్రం ఎందుకలా మూలుగుతోంది?”

“మూలగదూ మరి. లోపల బేరింగు అరిగిపోయింది. ఏ క్షణాన కూలబడుతుందో.”

“ఎవరికైనా చెప్పారా?”

“అడిగితే కదమ్మా చెప్పడానికి.”

బేరింగు మార్పించింది. గోడ మీద రాతకి సున్నం వేయించింది. ఆ తర్వాత ఒక రోజు ముగ్గుర్నీ నిలబెట్టి, “ఈ దుప్పట్లు ఎక్కడికి పోతాయి?” అంది.

“పైకి.”

“పైకంటే?”

“పైకంటే పైకే.” ఇన్నేళ్ళలో ఒక్కరూ లిఫ్టెక్కి చూడలేదు.

అప్పట్నుంచి రోజుకొకరు పైకి వెళ్ళి, ఒక్క మంచానికి తమ చేత్తో దుప్పటి పరిచి రావాలని పెట్టింది. డ్రమ్ము బాబాయ్ పసిపిల్లల వార్డుకి వెళ్ళి వచ్చాడు. మర్నాటి నుంచి నీళ్ళ వేడిని మోచేత్తో చూడ్డం మొదలుపెట్టాడు, చంటిపిల్లకి పోసేవాళ్ళలా. ఇస్త్రీ వదిన మాత్రం గుర్రుగా వచ్చింది. “పైనొక ముసలాయన నా ఇస్త్రీకి వంక పెట్టాడే. నడుం కింద ముడత గుచ్చుకుంటోందట. ముడతట, నా ఇస్త్రీలో.” ఆ మాట రోజంతా గొణుక్కుంది. మర్నాడు రోలరు కిందనుంచి వచ్చిన దుప్పట్లు పాలమీగడలా ఉన్నాయి.

పైన ఒకరూ ఇద్దరూ నిద్రపోసాగారు. పిల్లల వార్డులో ఒక చంటాడు పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోయాడని నర్సు ఫోను చేసి చెప్పింది. ఆ రోజు బాబాయ్ మీసం దువ్వుకున్నాడు.

మడతలక్క పైకి వెళ్ళనంది. “నేను పనికొచ్చాను మేడమ్, పరామర్శకి కాదు. నా పని నాది, వాళ్ళ పని వాళ్ళది.”

ప్రశ్నలమ్మ బలవంతపెట్టలేదు. “సరే. ఎప్పుడైనా వెళ్ళాలనిపిస్తే చెప్పండి,” అంది.

మడతలక్క వెళ్ళాల్సే వచ్చింది.

ఆమె కూతురు ఊళ్ళో బస్సు నడిపేది. చక్రం చూద్దామని రోడ్డు పక్కన దిగితే వెనకనుంచి ఒక లారీ రాసుకుపోయింది. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. తెచ్చి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. పడుకోబెట్టారే గానీ ఆ పిల్లకి నిద్ర లేదు. మాత్రకి పట్టలేదు, సూదికి పట్టలేదు. కళ్ళు పత్తికాయల్లా ఉబ్బాయి. కాలి వాపు దిగలేదు.

ఎముకల డాక్టరు నిదానస్తుడు. మడతలక్కని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు.

“ఒళ్ళు నిద్రపోతే వాపు దిగుతుంది. వాపు దిగితే నేను కాలు కూరుస్తాను. ఇలాగే ఉంటే కూర్చలేనమ్మా. తీసెయ్యాల్సి వస్తుంది.”

“ఎప్పటిదాకా చూస్తారు బాబూ?”

“రేపు సాయంత్రం దాకా చూస్తాను.”

ఆమె కిందికి వచ్చింది. మూటలోంచి ఒక దుప్పటి లాగింది. బాబాయ్‌ని భుజంతో పక్కకి నెట్టి, యంత్రం వద్దని తొట్టిలో చేత్తో ఉతికింది. వదిన చేతిలోంచి లాక్కుని తనే రోలరు కింద నడిపింది. తనే మడత పెట్టింది. ఒక్క మడత కూడా చూపు తిప్పి పెట్టలేదు. ఆమె మనసు ఇంతగా పనిలో ఉన్న రోజు ఇంకోటి లేదు. వదిన నోరు తెరవబోతే బాబాయ్ కళ్ళతోనే వారించాడు.

పైకి తీసుకెళ్ళి కూతురి కింద పరిచింది. గుండెలు అరచేతిలో పెట్టుకుని పక్కన నిలబడింది.

పిల్ల కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళు చటుక్కున తెరిచింది.

“అమ్మా, డిపో వాళ్ళు నీకు ఫోన్ చేసినప్పుడు నువ్వు కుక్కరు దింపుతున్నావా?”

మడతలక్క దుప్పటి అంచు సర్దబోయింది.

“ఫోను మోగుతూనే ఉందే ఈ దుప్పట్లో. నువ్వు కుక్కరు వదిలేశావు. చెయ్యి కాలింది. చూపించు.”

ఆమె ఎడమచెయ్యి వెనక్కి దాచుకుంది. కాలిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

“ఈ దుప్పటి తీసెయ్యమ్మా. నీ గుండె నా వీపు కింద కొట్టుకుంటోంది.”

తీసేసింది. ఆ దుప్పటి చంకలో పెట్టుకుని వరండాలో గోడకి చేరగిలబడింది. ప్రశ్నలమ్మ అక్కడికే వచ్చింది. వచ్చి ఆమె పక్కనే, అదే గోడకి ఆనుకుని నిలబడింది.

“ఇది మీరొక్కరే చేశారా?”

“అవును.”

“ఎందుకు?”

“నా కూతురు కదా.”

“బాబాయ్‌కి, వదినకి చెప్పారా?”

“వాళ్ళకేం పట్టింది మేడమ్?”

“అడిగి చూశారా?” అంది ప్రశ్నలమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అంది. ఆవిడ ప్రశ్నలన్నీ అలాగే ఉండేవి. అందుకే వాటిని తప్పించుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

మడతలక్క ఎప్పుడూ అడగలేదు. అన్నేళ్ళు ఒకే గదిలో పనిచేసి, బాబాయ్‌ని ఉప్పు కూడా అడిగి పుచ్చుకోలేదు. రాత్రంతా కూతురు పక్కన కూర్చుని, తెల్లవారాక లాండ్రీ గుమ్మంలో నిలబడింది. గుమ్మం చెక్కని గోటితో గీకి, గీకి, చివరికి అడిగింది.

“బాబాయ్, మా అమ్మాయికో దుప్పటి కావాలి.”

“నిన్నట్నుంచి చూస్తున్నా, ఎప్పుడడుగుతావా అని,” అన్నాడు బాబాయ్. “నా డ్రమ్ము ముందు నన్నే పక్కకి నెట్టి తొట్టిలో ఉతుకుతావా? ఎంత ధైర్యం నీకు.” అంటూనే చొక్కా చేతులు పైకి మడిచాడు.

“ఏ కాలే?” అంది వదిన.

“ఎడమది.”

“క్లచ్చు కాలన్నమాట. బస్సుల్లో క్లచ్చు రాయిలా ఉంటుందిట కదా. అలాంటిది తొక్కే కాలికి అడుగున పోగంత ముడత కూడా ఉండకూడదు.” దుప్పటి ఎడమ సగాన్ని మూడుసార్లు రోలరు కింద నడిపింది. దూరం నుంచి చూసింది. మళ్ళీ నడిపింది.

మడత దగ్గరికి వచ్చేసరికి మడతలక్క చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి.

“నువ్వు ముట్టుకోకు తల్లీ,” అంది వదిన. “నీ చేతుల్లో ఇప్పుడు ఉన్నదంతా భయమే.”

చెరో కొసా పట్టుకుని వాళ్ళిద్దరే మడత పెట్టారు. బాబాయ్ చేతులు తడిమూటలు మోసిన చేతులు. అంచుకి అంచు కలవలేదు. ఒక మూల నాలుకలా బయటికి వేలాడింది. చూడలేక మడతలక్క మొహం తిప్పుకుంది. 

“మీకు ఇంకో పనుంది,” అని ప్రశ్నలమ్మ ఆమె ముందు వేరే దుప్పటి పెట్టింది. “ఏడో వార్డులో ఒకావిడకి. గొంతుకి ఆపరేషను. మళ్ళీ మాట వస్తుందో రాదోనని కన్ను మూయడం లేదు. పొద్దున్నే రేడియోలో వాతావరణం చదువుతుందిట.”

మడతలక్క చేతులు ఆగాయి. ఆ గొంతు ఆమెకి తెలుసు. రోజూ దాన్ని వినే గొడుగు తీసుకోవాలో అక్కర్లేదో చూసుకుని బయల్దేరేది. ఆ గొంతుకి ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషి ఒక దుప్పటి మీద పడుకుంటుందని ఎప్పుడూ తట్టలేదు. ఎన్ని వానల్లో తడవకుండా ఇల్లు చేర్చిందో. దుప్పటి రెండు అంచులూ పట్టుకుంది. దులిపింది. అంచుకి అంచు చేర్చి, అరచేత్తో మధ్యనుంచి చివరికి మెల్లగా రాసింది, జ్వరంతో ఉన్న నుదుటి మీద రాసినట్టు. ఆ కాసేపూ ఆమె తలలో ఫోను మోగలేదు.

మధ్యాహ్నం బాబాయ్ తనే దుప్పటి పైకి తెచ్చి పరిచాడు. పరచడం కూడా వంకరే. బస్సు పిల్ల ఉబ్బిన కళ్ళతో దాన్ని చూసి మొహం చిట్లించింది.

“ఎవరు మడత పెట్టారమ్మా దీన్ని? చూడు, వంకర టింకర…”

మాట పూర్తి కాలేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుండగా, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోయింది. స్టాపులో నిలిపి ఇంజను ఆపకుండా ఉంచిన బస్సులా సన్నగా గురక. పక్క మంచాలవాళ్ళు గొంతులు తగ్గించారు. నర్సు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది.

సాయంత్రం ఎముకల డాక్టరు వచ్చాడు. గడువు గుర్తున్నట్టే ఉంది, మొహం బరువుగా పెట్టుకునే వచ్చాడు. దుప్పటి అంచు ఎత్తి కాలు చూశాడు. వేలితో ఒకచోట నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు. నర్సు వైపు తిరిగి, “థియేటరు సిద్ధం చెయ్యమను. కూర్చేద్దాం,” అన్నాడు, పిల్ల లేస్తుందేమోనని గుసగుసగా.

మంచం చక్రాలు కదిలాయి. మడతలక్క థియేటరు తలుపు దాకా పక్కనే నడిచింది. తలుపులు మూసుకుని పైన ఎర్రదీపం వెలిగాక బయట బల్ల మీద కూలబడింది. బాబాయ్ ఇంటికి పోలేదు. ఏం చెయ్యాలో తెలీక, చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు.

“కూర్చో బాబాయ్.”

కూర్చున్నాడు.

“నీకు పిల్లలెంతమంది?”

బాబాయ్ ఆమె వైపు ఓసారి చూశాడు. గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పెద్దాడి గురించి. తలుపు మీది ఎర్రదీపం ఆరేదాకా ఆమె వింటూనే ఉంది.