ఉప్పలమ్మకు బహిరంగ లేఖ

కట్టంగూర్‌లో నా రికార్డింగ్ గదికి వచ్చే గాయకుల్లో సైదులుకున్న గొంతు ఇంకెవరికీ లేదు. బుద్ధి సంగతి వేరు. నాట్లు వేస్తూ భార్య ఉప్పలమ్మ కట్టిన పాటను మా యూట్యూబ్ ఛానల్‌కు పాడి, తనే రాశానని చెప్పుకున్నాడు. నేనూ నమ్మాను. ఆ పాట పెళ్లి బరాత్‌లన్నిటిలో మోగింది. ఉప్పలమ్మ ఆలేరులోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి.

"ఫోన్ ఎత్తుతలేదు ఖలీద్ భాయ్. పాటల్నే లెటర్ రాస్త. 'ఉప్పలమ్మకు బహిరంగ లేఖ' అని పేరు పెడదాం. లోకమంతా ఇంటే ఆమె ఇనదా?" అన్నాడు సైదులు.

పేరు బాగుంది. పాటలో మాత్రం ఆమె కళ్లు, ఆమె జడ, ఆమె నడక. చేసిన దొంగతనం ఊసే లేదు. నాకు ఒళ్లు మండినా విడుదల చేశాను. "వదినా, వచ్చెయ్" అని జనం కామెంట్లలో బతిమాలారు.

ఉప్పలమ్మ నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఆయన లోకానికి రాసిండు. నాకు రాయలే."

ఆ మాట నేను చెప్పగానే సైదులు ముఖం మాడిపోయింది. నిజం ఒప్పుకుంటే పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు చులకన చేస్తారని అతని భయం. అయినా "మైక్ పెట్టు భాయ్" అన్నాడు. ఈసారి పాటలో ఒకటే సంగతి. ఆ పాట నాది కాదు, నా పెండ్లాంది. ప్రాస లేదు, తాళం కుంటింది. నాకైతే కళ్లు చెమర్చాయి.

ఛానల్‌లో అది విన్న మర్నాడే ఉప్పలమ్మ బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చింది. సైదులు లేచి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"మాట నిజమే అన్నా, కట్టుడే చెత్తగుంది. నా పేరు మీది పాట గిట్లనా ఉండేది?"

కూర్చుని, మొగుడు తనకు చెప్పాల్సిన క్షమాపణను తనే కట్టింది. అతనికి నేర్పింది. "తప్పయింది" అనే చరణం దగ్గర ఆపి మళ్లీ పాడమంది. మళ్లీ పాడాడు. ఇంకోసారి అంది. శ్రుతి బాగానే ఉందని నేను చెప్పబోయాను.

"నువ్వు ఊకో అన్నా, ఇంక జర సేపు ఇననియ్యి" అంది నవ్వుతూ.