బేస్‌మెంట్‌లో ఒండ్రు

పిస్కాటవేలో శ్యామ్‌సుందర్ గారి బేస్‌మెంట్‌లో రెండేళ్లుగా ఆదివారం తెలుగు బడి నడుపుతోంది వసుమతి. నడుపుతోంది అనడం మర్యాదకే, నిజానికి ఈడ్చుకొస్తోంది. పిల్లలు అమ్మ, ఆవు అని చిలకల్లా అప్పజెప్పి, మెట్లెక్కగానే ఇంగ్లీషులో పడేవారు. శ్యామ్‌సుందర్ కూతురు మీనా అయితే తెలుగులో ఒక్క వాక్యం మాట్లాడితే ఒట్టు. "వై డోంట్ యూ స్పీక్ తెలుగు?" అని ఆయన దాన్ని ఇంగ్లీషులోనే కేకలేసేవాడు. తప్పెక్కడుందో ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఎనభై నాలుగు వేసవిలో వాన దంచికొట్టింది. ఇంటి వెనక ఏరు పొంగి బేస్‌మెంట్ మునిగింది. నీళ్లు తోడించాక చూస్తే నేలంతా బురద.

"ఇంక చాలమ్మా. పిల్లలకి ఒక్క ముక్కా రాలేదు, నా కార్పెట్టూ పోయింది. ఆదివారం అందరూ వచ్చి క్లీన్ చేసేస్తే బడి క్లోజ్ చేసేద్దాం," అన్నాడు శ్యామ్‌సుందర్.

వసుమతి రాజమండ్రిలో పదేళ్లు పంతులమ్మగా బతికిన మనిషి. ఈ పరాయి దేశంలో ఆమెకు మిగిలిన బడి అదొక్కటే.

ఆదివారం పిల్లలు పారలు, బకెట్లు పట్టుకుని దిగారు. "ఎవ్రీథింగ్ ఈజ్ మడ్, ఆంటీ!" అని ఉదయ్ ముక్కు మూసుకున్నాడు. వసుమతికి ఒళ్లు మండింది. వాచకాలు ఎలాగూ తడిసి ముద్దయ్యాయి, ఇక పోయేదేముంది? కుచ్చిళ్లు ఎగదోపి తనూ దిగింది.

"అన్నీ మడ్ కాదురా! నీ ప్యాంటు మీద చిందింది బురద. కాలు దిగబడుతోందే, అది అడుసు. ఈ మూల నీళ్లు తేరుకున్నాక మెత్తగా పేరుకుంది చూడండి, ఇది ఒండ్రు. ఏరు మోసుకొచ్చి పెట్టేది. మా గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలేదిదే. ఒండ్రు పడిన నేలలో ఏం వేసినా విరగకాస్తుంది."

మీనా వంగి గుప్పెడు తీసుకుంది. వేళ్ల మధ్య నలిపి, "ఒండ్రు," అంది మెల్లగా.

అంతే, బేస్‌మెంట్ దద్దరిల్లింది. "ఆంటీ, ఇది అడుసా?" "కాదు, బురద!" "నా కాలు అడుసులో పోయింది!" కొట్టుకుంటున్నారు, తెలుగులో కొట్టుకుంటున్నారు! వసుమతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ గోలకి శ్యామ్‌సుందర్ పరుగున దిగాడు. "మీనా, డోంట్ టచ్ దట్ మడ్! త్రో ఇట్ అవుట్!" అంటూ బకెట్ లాక్కోబోయాడు.

మీనా బకెట్‌ని రెండు చేతులా వాటేసుకుంది. "నాన్నా, పారేయకు! అది బురద కాదు, ఒండ్రు. అమ్మ మిరప మొక్కలకి వేస్తా. నేనే వేస్తా."

పుట్టి తొమ్మిదేళ్లయినా అది ఆయన్ని ఇంతవరకూ డాడీ అనే పిలిచింది. శ్యామ్‌సుందర్ మెట్టు మీదే కూలబడ్డాడు. "మళ్లీ అను తల్లీ," అన్నాడు. అది మళ్లీ అంది, ఈసారి ఇంకా గట్టిగా.

ఆయన కళ్లు తుడుచుకుని, "వచ్చే ఆదివారం ఎన్నింటికి, టీచర్‌గారూ?" అని అడిగాడు.

"ఎప్పటిలాగే పదింటికి," అంది వసుమతి, మోకాలిదాకా బురదతో మహారాణిలా నిలబడి. "ఈసారి మీరూ వచ్చి కూర్చోండి. మీనాతో తెలుగులో మాట్లాడడం నేర్పిస్తాను."