బట్టల బరువు

అందరూ లేచి వెళ్ళాక పళ్ళేల్లో మిగిలినవన్నీ ఒకచోటికి చేర్చి, నిలబడే నోట్లో వేసుకుంది ఆమె. "అంత తిండీ పారేస్తావా? నువ్వు తినెయ్ తల్లీ" అని కాపురానికొచ్చిన మొదటి వారమే అత్తగారు నేర్పిన పని అది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో చెత్తబుట్ట కన్నా ముందు వంతు ఆమెదే. అదే అత్తగారు నిన్న చుట్టాల ముందు, "మా కోడలికి గాలి పీల్చినా ఒళ్ళొచ్చేస్తుందమ్మా" అంది. "ఇంట్లో మనకి గాలైనా మిగలనిస్తే కదా" అని భర్త అందుకున్నాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే, హాస్యం తెలియని మనిషని ఇంకో మాట పడాలి.

ఆమె ఆరోగ్యకేంద్రంలో నర్సు. ఏటికేడు ఊబకాయం పెరుగుతోందని, వచ్చిన ప్రతి ఆడమనిషి బరువూ రాయమన్నారు. ఇంత బరువని పెట్టిన గీత దాటినవాళ్ళకి చక్కెర కోసం రక్తపరీక్ష. కాటా ఎక్కగానే వాళ్ళ మొహాలు చిన్నబోవడం ఆమె చూడలేకపోయేది. "బట్టల బరువు రెండు కిలోలు తీసేస్తున్నాలే పిన్నీ" అని చెవిలో చెప్పేది. "నీ కడుపు చల్లగుండ!" అంటూ వాళ్ళు ఊపిరి వదిలి దిగేవారు. ఆమెకి చేతనైన దయ అదొక్కటే. తన పేరు దగ్గర మాత్రం ఐదు తీసేసింది.

ఈ ఉదయం కుట్టుమిషను అక్క వచ్చింది. "సూది బెజ్జం మసకేస్తోంది సిస్టర్. కాలి మీద పుండు రెండు నెలలైనా మానట్లేదు." రక్తంలో చక్కెర చూస్తే చాలా ఎక్కువగా ఉంది. ఆమె బరువుల పుస్తకంలో పాత పుటలు తిరగేసింది. కిందటేడు అక్క గీతకి ఒక్క కిలో కింద ఉంది. తీసేసిన ఆ రెండూ ఉంచి ఉంటే అప్పుడే పరీక్ష జరిగేది. ఇలాంటివాళ్ళు ఇంకెందరున్నారో. చెబితే ఉద్యోగం ఉంటుందా? "ఒక్క పనైనా సరిగ్గా ఏడుస్తావా నువ్వు?" భర్త గొంతు ముందే వినిపించింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇక్కడ బరువులు తగ్గుతున్నాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

పుస్తకం తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు పెట్టి, అంతా చెప్పేసింది.

"ఇది దయనుకున్నావా?"

"సిగ్గుపడుతున్నారని తగ్గించానమ్మా. నేనూ సిగ్గుపడ్డాను."

డాక్టరమ్మ ఒక్కో పుటా తిప్పి చూసింది. తర్వాత కుర్చీ ఆమె వైపు జరిపింది. "కూర్చో, పడిపోయేట్టున్నావు. పైవాళ్ళకి రాయక తప్పదు. ముందు అందర్నీ పిలిచి మళ్ళీ తూయి."

సాయంత్రానికి పదిమంది చేరారు. సంగతి విన్నాక ఒక్కరూ కదల్లేదు. "ఇంతమందిలో నేనెక్కనమ్మా" అని ఒకావిడ, "రెండు కిలోలకి ఇంత రాద్ధాంతమా!" అని ఇంకొకావిడ. అక్క మాత్రం కట్టు కట్టిన కాలు చూసుకుంటూ కూర్చుంది.

ఆమె చెప్పులు విడిచి కాటా ఎక్కింది. ముల్లు నిలిచేదాకా ఆగి, "ఎనభై తొమ్మిది" అని గది చివరికి వినబడేలా చదివింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె దిగి, రక్తం తీసే కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపింది.

"నా తర్వాత ఎవరు?"